కరెంటు వస్తువు నీళ్లలో పడితే

ప్లగ్గులో ఉన్న హెయిర్ డ్రయ్యర్ నీళ్లలో పడగానే తీయడానికి చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. ఆ చెయ్యి ఆపండి. నీళ్లను, వస్తువును, తడిసిన వైరును ముట్టుకోకుండా వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేయండి. మీ చేతులు, నేల, ప్లగ్గు అన్నీ పొడిగా ఉంటేనే గోడ దగ్గర ప్లగ్గు పీకండి. డ్రయ్యర్ మీది స్విచ్ ఆఫ్‌లో ఉన్నా లాభం లేదు, అక్కడిదాకా ఫేజు వస్తూనే ఉంటుంది.

ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్) పడిపోతుందిలే అన్న ధీమా చాలా ప్రమాదం. నీళ్లలో పారే కరెంటు సాధారణంగా 16 ఆంపియర్ల ఎంసీబీని కదిలించేంత ఉండదు. గుండె లయ తప్పడానికి మాత్రం పదుల మిల్లీఆంపియర్లు చాలు. మరి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్)? ప్లాస్టిక్ బకెట్‌లో కరెంటు భూమిలోకి పోయే దారి లేక అదీ ఊరుకోవచ్చు. మీరు చెయ్యి పెడితే ఆ దారి మీరే. అప్పుడు ట్రిప్పవుతుంది, షాక్ తగిలాక. అయినా ప్రాణం నిలిపేది అదే కాబట్టి తప్పక పెట్టించండి, టెస్ట్ బటన్ నొక్కి చూస్తుండండి.

నీళ్లలో మనిషి ఉంటే కరెంటు ఆగాకే ముట్టుకోండి. ఊపిరి లేకపోతే అంబులెన్స్‌ను పిలిపించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతున నొక్కండి.

తడిసిన వస్తువు ఎండినా లోపల లవణాల పొర మిగిలి కరెంటు లీకవుతుంది. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటర్) పరీక్షిస్తే 1 మెగాఓమ్ కూడా రానిదాన్ని వాడొద్దు. చిన్న డ్రయ్యరైతే పారేయడమే మేలు.