పర్లాకిమిడి బోర్ల లెక్క: రైల్స్‌లో పోస్ట్‌జిస్ అడాప్టర్

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడికి 5 కిలోమీటర్లలోపు బోర్లెన్నో క్వెరీలోనే తేలాలంటే, ముందు మీ రైల్స్ యాప్ వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సూపర్‌యూజర్‌గా 'క్రియేట్ ఎక్స్‌టెన్షన్ పోస్ట్‌జిస్' నడపండి (పోస్ట్‌జిస్ అంటే ఆ డేటాబేస్‌కి మ్యాప్ లెక్కలు నేర్పే ఎక్స్‌టెన్షన్). మామూలు యూజర్‌కి పర్మిషన్ ఎర్రర్ వస్తుంది. జెమ్‌ఫైల్‌లో యాక్టివ్‌రికార్డ్-పోస్ట్‌జిస్-అడాప్టర్ చేర్చి (రైల్స్ వెర్షన్‌కి సరిపడేదే), డేటాబేస్ డాట్ వైఎంఎల్‌లో అడాప్టర్ పేరు పోస్ట్‌జిస్ అని మార్చండి.

బోరు స్థానం ఉంచే కాలమ్ జాగ్రఫీ రకమే పెట్టండి, దూరం మీటర్లలో వస్తుంది. 4326 (అక్షాంశ రేఖాంశాల పద్ధతి కోడ్) జామెట్రీ రకం మీద ఎస్‌టీ_డీవితిన్‌కి (ఇంత దూరంలోపు ఉందా అని చూసే ఫంక్షన్) 5000 ఇస్తే అవి మీటర్లు కావు, డిగ్రీలు, టేబులంతా వచ్చిపడుతుంది. యూటీఎం (భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) వాడదామంటే ఈ సరిహద్దులో మరో చిక్కు: 84 డిగ్రీల రేఖకు పడమరనున్న రాయగడ 44వ జోన్, తూర్పునున్న పర్లాకిమిడి 45.

ఎస్‌టీ_మేక్‌పాయింట్‌లో రేఖాంశమే ముందు: 84.09, 18.78. తిరగేస్తే బోరు ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది, ఎర్రర్ కూడా రాదు.

ఆ కాలమ్ మీద జిస్ట్ ఇండెక్స్ (స్థానాల వెతుకులాటను వేగం చేసేది) మరవొద్దు. వేర్‌లో ఎస్‌టీ_డీవితిన్ బదులు ఎస్‌టీ_డిస్టెన్స్ రాస్తే ఆ ఇండెక్స్ పనికిరాదు.