రెండు స్టోరేజీ సర్వర్లూ ‘నేనే ప్రైమరీ’ అంటే...

మా ఆఫీసులో వర్చువల్ మెషీన్లకి ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా డిస్కు ఇచ్చే పద్ధతి) డిస్కులిచ్చే లినక్స్ సర్వర్లు రెండు. ఏ సర్వర్ పని చేయాలో చూసే పేస్‌మేకర్, రెండిటి మధ్యా కబుర్లు నడిపే కోరోసింక్, కింద ఒకదాని డిస్కుని రెండోదానికి కాపీ చేస్తూ ఉండే డీఆర్‌బీడీ. రాతలు తీసుకునేది ప్రైమరీ, కాపీ ఉంచుకునేది సెకండరీ. ఒకటి పడిపోతే రెండోది ఆ ఐపీ తీసుకుని నడిపించాలి. పలకని సర్వర్‌ని బలవంతంగా ఆఫ్ చేసే స్టోనిత్ (దీన్నే ఫెన్సింగ్ అంటారు) మాత్రం ‘తర్వాత చూద్దాంలే’ అని ఆపేసింది నేనే.

ఓ రాత్రి ఫర్మ్‌వేర్ కోసం స్విచ్ రీబూట్ చేశారు. హార్ట్‌బీట్ (‘బతికే ఉన్నా’ అనే సంకేతం), రెప్లికేషన్ (డేటా కాపీ) రెండూ ఆ ఒక్క స్విచ్ మీదే! ఎదుటిది చచ్చిపోయిందనుకుని రెండూ ప్రైమరీ అయి కూర్చున్నాయి. క్లయింట్ల స్విచ్ వేరు కాబట్టి కొన్ని హోస్టులు (వర్చువల్ మెషీన్లని నడిపే మెషీన్లు) ఇటు, కొన్ని అటు రాసేశాయి. లింకు తిరిగొచ్చాక లాగులో ‘స్ప్లిట్ బ్రెయిన్ డిటెక్టెడ్’ (రెండు వైపులా డేటా వేర్వేరుగా మారిపోయిందని), రెండు వైపులా స్టాండ్ఎలోన్, అంటే ఒకదానితో ఒకటి కనెక్ట్ కాకుండా ఉండిపోయాయి.

ముందు అన్ని హోస్టులనీ ఆపాను. ఓడిపోయే (అంటే తన మార్పులు వదులుకోబోయే) సర్వర్‌లోని డేటాని పక్కకి కాపీ చేశాను, ఇది మాత్రం మానొద్దు. దాన్ని సెకండరీ చేసి, ‘డిస్కార్డ్ మై డేటా’ ఆప్షన్‌తో కనెక్ట్ చేశాను. మారిన బ్లాకులే సింక్ అయ్యాయి కాబట్టి త్వరగానే అయిపోయింది. అటు వైపు మాత్రమే ఉన్న ఫైళ్లని వెతికి తెచ్చుకోడానికే తెల్లారింది.

తర్వాత రెండు సర్వర్ల మధ్య నేరుగా ఓ కేబుల్ లాగి, కోరోసింక్‌కి రెండో లింకు ఇచ్చాను. ఐపీఎంఐతో (సర్వర్‌లోనే ఉండి, దూరం నుంచి దాన్ని ఆఫ్ చేయనిచ్చే చిప్) స్టోనిత్ ఆన్ చేశాను. ఒకదాన్నొకటి ఒకేసారి కాల్చుకోకుండా 15 సెకన్ల వరకూ రాండమ్ డిలే పెట్టాను. టెస్టులో పవర్ కార్డు పీకితే ఐపీఎంఐ కూడా పోయి ఫెన్సింగ్ ఫెయిలైంది, ఎదుటిది ఆగిందో లేదో తేలక క్లస్టర్ (ఈ రెండు సర్వర్ల జట్టు) అక్కడే ఆగిపోయింది! అందుకే రెండో లెవెల్‌గా రిమోట్‌గా ఆఫ్ చేయగల పీడీయూ (సర్వర్లకి కరెంటు పంచే పెట్టె) పెట్టాను.