పూరీ, గయ, కాశీ, ప్రయాగ చుట్టి రావడానికి ఒకే సర్క్యులర్ టికెట్టా, విడి టికెట్లా?

మా ఇంట్లో రైలు టికెట్ల పని ఎప్పుడూ నాదే. "కాశీ ఒక్కటే ఏంట్రా, ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం, పూరీ, గయ కూడా చూపించు" అని పెద్దమ్మ అన్నప్పుడు నేను ముందు ఫోన్ తియ్యను. ఒక తెల్లకాగితం తీసి ఊళ్ల పేర్లు వరసగా గుండ్రంగా రాస్తాను. సికింద్రాబాద్, విశాఖ, పూరీ, గయ, కాశీ, ప్రయాగ్‌రాజ్, నాగపూర్ మీదుగా మళ్లీ సికింద్రాబాద్. గీసిన గీత మూసుకుంటే సర్క్యులర్ టికెట్, అంటే చుట్టు మొత్తానికీ కలిపి ఇచ్చే ఒకే టికెట్ గురించి ఆలోచించవచ్చు. వెళ్లిన దారినే వెనక్కి వస్తే అది మామూలు రానూపోనూ ప్రయాణమే, విడి టికెట్లు కొనేసుకోండి.

విదేశీయులకు, ఎన్నారైలకు ఒకప్పుడు ఇండ్‌రైల్ పాస్ ఉండేది, ఒక్కసారి కొంటే కొన్ని రోజులపాటు ఎక్కడికైనా తిరగొచ్చు. ఇప్పుడు లేదు. మనలాంటివాళ్లకు పాస్‌కి దగ్గరగా మిగిలింది ఈ సర్క్యులర్ జర్నీ టికెట్టే. బయల్దేరిన స్టేషన్‌లోనే ప్రయాణం ముగియాలి. మధ్యలో ఎనిమిది చోట్ల దిగవచ్చు.

డబ్బు ఎక్కడ మిగులుతుందో తెలిస్తే ఏది కొనాలో తేలిపోతుంది. రైలు ఛార్జీల్లో దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే రేటు తగ్గుతుంది. పైన రాసిన చుట్టు ఉజ్జాయింపుగా 3,700 కిలోమీటర్లు అనుకోండి. సర్క్యులర్ టికెట్‌కి దాన్ని సగం చేసి, 1,850 కిలోమీటర్ల టికెట్లు రెండు కొన్నట్టు లెక్క కడతారు. విడిగా కొంటే ఒక్కో ముక్కకీ రేటు మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. చిన్న ముక్కల దగ్గర ఇంకా నష్టం. కాశీ నుంచి ప్రయాగ నూట యాభై కిలోమీటర్లు కూడా ఉండదు. కానీ థర్డ్ ఏసీ ఎక్కితే కనీసం 300 కిలోమీటర్ల ఛార్జీ కట్టాల్సిందే. స్లీపర్‌కైతే కనీసం 200. గయ నుంచి కాశీకి రెండొందల చిల్లర. ఇలాంటి ముక్కలు రెండు మూడున్న చుట్టుకే సర్క్యులర్ టికెట్ బాగా గిట్టుబాటు అవుతుంది.

రిజర్వేషన్ ఫీజు మాత్రం రెండు పద్ధతుల్లోనూ రైలు రైలుకీ కట్టాలి. స్లీపర్‌కి 20, థర్డ్ ఏసీకి 40, సెకండ్ ఏసీకి 50 రూపాయలు. సూపర్‌ఫాస్ట్ అయితే స్లీపర్‌కి ఇంకో 30, ఏసీకి 45. కాబట్టి ఇక్కడ ఏమన్నా మిగులుతుందని లెక్కలో వేసుకోకండి.

ఇక ఈ టికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుడు సంగతి. ఇది యాప్‌లో దొరకదు. రైళ్ల నంబర్లు, తేదీలు, దిగే ఊళ్లు రాసిన కాగితంతో డివిజనల్ కమర్షియల్ మేనేజర్ ఆఫీసుకిగానీ, పెద్ద స్టేషన్ మేనేజర్ దగ్గరికిగానీ వెళ్లాలి. వాళ్లు ఛార్జీ లెక్కగట్టి ఇచ్చిన ఫారం చూపించి కౌంటర్లో టికెట్ కొనాలి. ఆ తర్వాత రిజర్వేషన్ ఆఫీసులో ఒక్కో రైలుకీ బెర్తులు వేయించుకోవాలి. ఒక స్టేషన్‌లో కౌంటర్ అబ్బాయి "అలాంటి టికెట్ లేదండీ" అని నాతో అనేశాడు. గొడవ పడక్కర్లేదు, పైవాళ్లను అడిగితే తెలుస్తుంది. పూరీ పెట్టుకుంటే ఇంకో మాట కూడా అక్కడే అడగండి. ఖుర్దా రోడ్ నుంచి పూరీకి 44 కిలోమీటర్లు వెళ్లి అదే లైన్లో వెనక్కి రావాలి, దాన్ని ఎలా లెక్కేస్తారో ముందే తెలుసుకోండి.

రిజర్వేషన్ 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తారు కాబట్టి, టికెట్ చేతిలో ఉన్నా తిరుగు ప్రయాణం బెర్తు ఇంకా దొరకని రోజులుంటాయి. టికెట్ ఉంది, బెర్తు వెయిటింగ్ లిస్టులో ఉంది. అసలు టెన్షన్ ఇదే. ముసలివాళ్లతో వెళ్తున్నప్పుడు నాలుగొందలు మిగలడం కన్నా కన్ఫర్మ్ బెర్తు ముఖ్యం. అందుకే ముందు ప్రతి రైలుకీ బెర్తులు ఎలా ఉన్నాయో యాప్‌లో చూసి, తర్వాతే ఆఫీసు మెట్లెక్కుతాను. పూరీ నుంచి గయకు పురుషోత్తం ఎక్స్‌ప్రెస్, కాశీ వైపునుంచి మనకు దానాపూర్ ఎక్స్‌ప్రెస్ లాంటివి ఎప్పుడూ కిటకిటే.

విశాఖకు వందే భారత్‌లో వెళ్దామని పిల్లలు అంటారు. అలా వెళ్తే ఆ ముక్క విడిగా కొనాలి, అప్పుడు చుట్టు తెగిపోతుంది. ఇక సర్క్యులర్ ఊసే వద్దు. తేదీలు తేలకపోయినా, ఎవరైనా చివర్లో మానేస్తారన్న అనుమానమున్నా విడి టికెట్లే నయం. బాగా ముందుగా రద్దు చేసుకుంటే ఆ ఒక్క టికెట్ మీద కొంత పోతుంది, మిగతా రైళ్ల టికెట్లు అలాగే ఉంటాయి.

రెండూ కాకుండా మూడో దారి ఒకటుంది. ఒక్క ఊళ్లో ఆగి ముందుకు వెళ్లాలంతే అంటే, మామూలు దూరప్రయాణం టికెట్ మీదే బ్రేక్ జర్నీ అడగండి. 500 కిలోమీటర్లు దాటిన టికెట్‌కి ఆ వీలుంది, మొదటి మజిలీ మాత్రం 500 కిలోమీటర్లు వెళ్లాకే. వెయ్యి లోపు ఒకసారి, దాటితే రెండుసార్లు, ఒక్కోచోట రెండు రోజులు. రాజధాని, శతాబ్దిలాంటి వాటిలో కుదరదు.

ఏ టికెట్ అయినా ఫారం నింపేటప్పుడు పెద్దవాళ్లను ఇద్దరిద్దరిగా రాయండి. లోయర్ బెర్త్ కోటా 60 దాటిన మగవాళ్లకి, 45 దాటిన ఆడవాళ్లకి, అదీ ఒక్కరుగానో ఇద్దరుగానో వెళ్తేనే. అమ్మ, పెద్దమ్మ ఒక ఫారంలో, మిగతా అందరూ ఇంకో ఫారంలో.