బెంగళూరు తెలుగు విద్యార్థుల స్కాలర్‌షిప్ దరఖాస్తులు: ఎక్కడ ఆగుతాయి, ఎలా కదిలించాలి

కృష్ణరాజపురం నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో హైస్కూలు పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు మార్కులు చాలక తిరిగి రావడం తక్కువ. విద్యార్థి ఏ రాష్ట్రానికి చెందినట్లు, పేరు ఏ వరుసలో ఉన్నట్లు, డబ్బు ఏ ఖాతాకు చేరవలసినట్లు అన్నవి కాగితాల్లో తేలకపోవడం వల్లనే అవి ఎక్కువగా ఆగిపోతాయి. కాబట్టి మళ్లీ మళ్లీ దరఖాస్తు చేసేముందు అడ్డు ఎక్కడుందో గుర్తించడం మంచిది.

సమస్య: జాబితాలు చాలా ఉన్నాయి, సరిపోయేది ఒక్కటీ దొరకడం లేదు

ఇంటర్నెట్‌లో తిరిగే జాబితాల్లో చాలా భాగం పాతవి. జాతీయ ప్రతిభా అన్వేషణ పరీక్ష 2021లోనే నిలిచిపోయింది. అయినా దానికి ఎలా చదవాలో చెప్పే పేజీలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. రెండో కారణం సమయం. జాతీయ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ (ఎన్‌ఎంఎంఎస్) పరీక్ష ఎనిమిదో తరగతిలోనే రాయాలి, కానీ చాలా ఇళ్లలో ఆ మాట తొమ్మిదిలోకి వచ్చాక చెవిన పడుతుంది. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల పాఠశాలల్లో చదివేవారికి, కుటుంబ వార్షికాదాయం 3.5 లక్షల రూపాయలు దాటనివారికి ఇది వర్తిస్తుంది. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. అయితే పరీక్షలో నెగ్గడంతో పని పూర్తికాదు. తొమ్మిదో తరగతిలో నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో విడిగా దరఖాస్తు చేయాలి, ఏటా పునరుద్ధరించుకోవాలి. ఎంపికైన పిల్లలు కూడా ఇక్కడే జారిపోతారు.

ప్రైవేటు పాఠశాలలో చదివేవారికి ఈ దారి లేదు. అలాంటివారు తల్లిదండ్రుల వృత్తి వైపు నుంచి వెతకాలి. భవన నిర్మాణంలో గడచిన పన్నెండు నెలల్లో 90 రోజులు పనిచేసిన 18 నుంచి 60 ఏళ్ల కార్మికులు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చునని 1996 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. అలా నమోదై లేబర్ కార్డు పొందినవారి పిల్లల చదువుకు కర్ణాటక మండలి సహాయం ఇస్తుంది. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పేద విద్యార్థులకు సరోజినీ దామోదరన్ ఫౌండేషన్ వారి విద్యాధన్ స్కాలర్‌షిప్ ఉంది. ఇది కర్ణాటకతో పాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది కనుక, ఏ రాష్ట్రం కింద దరఖాస్తు చేయాలో ప్రకటనలో చదివి నిర్ణయించుకోవాలి.

సమస్య: కులం, ఆదాయం ధ్రువపత్రాలను పోర్టల్ తీసుకోవడం లేదు

కర్ణాటక స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్ ధ్రువపత్రం ఫొటోతో సరిపెట్టుకోదు. దానిపై ఉండే ఆర్‌డీ నంబరుతో వివరాలను రెవెన్యూ రికార్డు నుంచి తానే తెచ్చుకుంటుంది. మీసేవలో తీసుకున్న పత్రానికి ఆ నంబరు ఉండదు. ఆదాయ పత్రం వరకు పరిష్కారం తేలిక: బెంగళూరు చిరునామా ఆధారాలతో నాడకచేరిలో (ఇక్కడి రెవెన్యూ కార్యాలయంలో) కొత్తది తీసుకోవచ్చు.

కులం విషయం అంత తేలిక కాదు. షెడ్యూల్డు కులాల, తెగల హోదా కుటుంబపు సొంత రాష్ట్రాన్ని బట్టి ఉంటుందని, బతుకుదెరువుకు వలస వచ్చినవారితో పాటు మరో రాష్ట్రానికి రాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. అదే పేరుగల కులం ఇక్కడి జాబితాలో ఉన్నా ఈ నియమం మారదు. వెనుకబడిన తరగతుల జాబితాలు కూడా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానివే. ఎవరో చెప్పారని ఇక్కడి పత్రం ఎలాగో సంపాదించడం తర్వాత కాలేజీ సీటుకే ముప్పు తెస్తుంది. ఆ దారి పట్టవద్దు. సరైన మార్గం ఒకటుంది. పదో తరగతి తర్వాత షెడ్యూల్డు కులాల విద్యార్థులకిచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను, విద్యార్థి ఎక్కడ చదువుతున్నా, అతని స్వరాష్ట్ర ప్రభుత్వమే ఇవ్వాలి. కనుక పీయూసీ (మన ఇంటర్) ఇక్కడ చదివినా దరఖాస్తు సొంత రాష్ట్రం వైపు నుంచే సాగాలి. ఇక్కడి కాలేజీ నుంచి స్టడీ సర్టిఫికెట్టు, ఫీజు రసీదులు ముందుగానే తీసి ఉంచుకుంటే ఊరికి తిరిగే ప్రయాణాలు తగ్గుతాయి.

సమస్య: "పేరు సరిపోలలేదు" అని వస్తోంది

ఇది మన తెలుగువాళ్లకు కొంత ప్రత్యేకమైన చిక్కు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఇక్కడి పాఠశాలలు ఇనీషియల్‌ను చివర పెడతాయి. ఆధార్‌లో "కొండా లావణ్య", పాఠశాల రికార్డులో "లావణ్య కె" అని ఉంటే కంప్యూటరుకు వారు ఇద్దరు మనుషులు. విద్యార్థి ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉంటే ముందుగా ప్రధానోపాధ్యాయునికి అర్జీ పెట్టి పాఠశాల రికార్డును సరిచేయించండి. ఎస్‌ఎస్‌ఎల్‌సీ (పదో తరగతి) మార్కుల కార్డు అచ్చయ్యాక ఆ మార్పు పరీక్షల మండలి దాకా వెళుతుంది. కార్డు అప్పటికే వచ్చి ఉంటే ఆధార్‌నే దానికి అనుగుణంగా మార్చుకోవడం సులువు. అయితే ఆధార్‌లో పేరును జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చనిస్తారు కాబట్టి, ఏ రూపం శాశ్వతమో ఇంట్లో తేల్చుకున్న తర్వాతనే కేంద్రానికి వెళ్లాలి.

సమస్య: ముఖ గుర్తింపు విఫలమవుతోంది

నేషనల్ పోర్టల్‌లో ఒకసారి చేసే రిజిస్ట్రేషన్ (ఓటీఆర్) ఆధార్ ముఖ గుర్తింపుపై నడుస్తుంది. పిల్లలకు 5, 15 ఏళ్లు నిండినప్పుడు ఫొటో, వేలిముద్రలు తప్పనిసరిగా కొత్తగా ఇవ్వాలి. పదిహేనేళ్ల ముఖాన్ని పసివాడి ఫొటోతో పోల్చితే యంత్రం కాదనడంలో వింత లేదు. ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించి, అది నమోదయ్యాక మళ్లీ ప్రయత్నించండి.

సమస్య: మంజూరైంది, డబ్బు పడలేదు

మొదట స్టేటస్ చూడండి. పాఠశాల స్థాయిలో ఆగి ఉంటే బ్యాంకుకు తిరిగి లాభం లేదు. ధ్రువీకరించవలసిన నోడల్ ఉపాధ్యాయుడిని కలవాలి. లోపముందని వెనక్కి పంపి ఉంటే గడువులోగా సరిచేసి మళ్లీ సమర్పించాలి.

చెల్లింపు దశకు చేరినా రాకపోతే, దరఖాస్తులో రాసిన ఖాతా నంబరును కాక ఎన్‌పీసీఐ మ్యాపింగ్‌ను, అంటే ఆధార్ ఏ బ్యాంకుకు ముడిపడి ఉందో చూపే నమోదును, అనుమానించాలి. ఆధార్ కాపీ ఇచ్చి కేవైసీ చేయించడం వేరు, నేరుగా నగదు అందడానికి (డీబీటీ) ఆధార్‌ను ఖాతాకు ముడిపెట్టడం, అంటే సీడింగ్ చేయడం వేరు. ఒక ఆధార్‌కు ఒక సమయంలో ఒకే బ్యాంకు ముడిపడి ఉంటుంది; ఊళ్లో అమ్మమ్మ తెరిపించిన ఖాతాకు అది ఉండిపోతే డబ్బు అక్కడికే చేరుతుంది, ఆ ఖాతా మూలనపడి ఉంటే వెనక్కి పోతుంది. మై ఆధార్ సైటులో బ్యాంకు సీడింగ్ స్టేటస్ తెరిస్తే ఏ బ్యాంకో కనిపిస్తుంది. మార్చాలంటే, ఇప్పుడు వాడుతున్న బ్యాంకు శాఖలో డీబీటీ సీడింగ్ సమ్మతి పత్రం ఇచ్చి, రసీదు తీసుకుని, మార్పు పూర్తయిందా అని అదే పేజీలో మళ్లీ చూసుకోవాలి. ఖాతా విద్యార్థి పేరుతోనే ఉండాలి. తండ్రి ఖాతాకు విద్యార్థి ఆధార్ ముడిపడదు.