అసలు ఫైళ్లు పోయిన సొంత వెబ్‌సైట్‌ను మళ్లీ చేతికి తెచ్చుకోవడం

కంప్యూటర్ పాడైంది, హార్డ్ డిస్క్ ఫార్మాట్ అయిపోయింది, లేదా సైట్ చేసిపెట్టినవాళ్లు ఫైళ్లు ఇవ్వకుండానే దూరమయ్యారు. అయినా అడ్రస్ కొడితే సైట్ ఇంకా తెరుచుకుంటోందంటే, పోయింది మీ దగ్గరున్న కాపీ మాత్రమే. సర్వర్‌లో ఉన్నదే ఇప్పుడు అసలు. ఈ దశలో చాలామంది చేసే తప్పు, తొందరపడి కొత్త ఇండెక్స్ పేజీ ఎక్కించేయడం. అది పాతదాని మీద పడితే ఎఫ్‌టీపీలో (సర్వర్‌కు ఫైళ్లు పంపే, తెచ్చుకునే పద్ధతి) అన్‌డూ ఉండదు. మొత్తం దింపుకునేదాకా సర్వర్‌లో దేన్నీ ముట్టుకోకండి.

డొమైన్ (సైట్ పేరు) ఒకచోట, హోస్టింగ్ (ఫైళ్లుండే సర్వర్‌లో చోటు) ఇంకోచోట కొని ఉండొచ్చు. రెండూ ఒకటే అనుకుని డొమైన్ ఖాతాలో నేమ్‌సర్వర్లు (ఆ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేవి) మార్చారో, ఉన్న సైట్ కూడా కనిపించకుండా పోతుంది. హోస్టింగ్ ఎవరిదో గుర్తులేకపోతే పాత మెయిల్‌లో ఇన్‌వాయిస్, రెన్యువల్ అనే మాటలతో వెతకండి. డొమైన్ గడువు తేదీ కూడా అప్పుడే చూసుకోండి. డాట్ కామ్ పేరు గడువు దాటి రద్దయ్యాక 30 రోజుల రిడెంప్షన్ (పాత యజమాని విడిపించుకోగల గడువు) ఉంటుంది, ఆ తర్వాత 5 రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు. రిడెంప్షన్‌లో విడిపించుకోవడానికి మామూలు రెన్యువల్ కంటే ఎక్కువే కట్టాలి.

సర్వర్ నుంచి దింపుకోవడం

హోస్టింగ్ లాగిన్ దొరికితే సగం పని అయినట్టే. హోస్టింగ్‌ను నడిపే సీప్యానెల్ పేజీలో ఫైల్ మేనేజర్ తెరిచి, పబ్లిక్ అండర్‌స్కోర్ హెచ్‌టీఎంఎల్ అనే ఫోల్డర్‌ను కంప్రెస్ చేసి జిప్‌గా దింపుకోండి. కొన్ని సర్వర్లలో ఆ ఫోల్డర్ పేరు హెచ్‌టీడాక్స్ అనో, డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ అనో ఉంటుంది. జిప్ చేసే ముందు సెట్టింగ్స్‌లో దాచిన ఫైళ్లు చూపించే ఆప్షన్ పెట్టండి. హెచ్‌టీ యాక్సెస్ ఫైల్ పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి మామూలుగా కనిపించదు. రీడైరెక్టులు (ఒక అడ్రస్ నుంచి ఇంకోదానికి మళ్లింపులు), పాస్‌వర్డ్ రక్షణ లాంటివి ఉండేది అందులోనే.

ఫైల్‌జిల్లా అనే ఎఫ్‌టీపీ ప్రోగ్రామ్ వాడితే ఎడమవైపు మీ కంప్యూటర్, కుడివైపు సర్వర్. లాగాల్సింది కుడి నుంచి ఎడమకు. సింక్ చేసే ప్రోగ్రాములను మాత్రం ఇప్పుడు దగ్గరికి రానివ్వకండి. మీ వైపు ఖాళీ ఫోల్డర్ చూపిస్తే, సర్వర్ వైపు కూడా ఖాళీ చేసే రకాలు వాటిలో ఉన్నాయి.

వర్డ్‌ప్రెస్ సైట్ అయితే ఫైళ్లొక్కటే సరిపోవు. రాసిన మాటలన్నీ డేటాబేస్‌లో ఉంటాయి, ఫొటోలు అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. డేటాబేస్‌లు చూపించే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఆ డేటాబేస్ ఎంచుకుని ఎక్స్‌పోర్ట్ కొట్టి, ఎస్‌క్యూఎల్ ఫైల్ కూడా తీసుకోండి. ఏ డేటాబేస్ మీదో తెలియకపోతే, డబ్ల్యూపీ కాన్ఫిగ్ ఫైల్‌లో దాని పేరు, యూజర్, పాస్‌వర్డ్ రాసే ఉంటాయి.

లాగిన్ ఎలాగూ దొరకదనుకుంటే బయటినుంచి తోడుకోవాలి. బ్రౌజర్‌లో ఒక్కో పేజీ సేవ్ చేసుకుంటూ పోతే ఫైళ్ల పేర్లు, లింకులు మారిపోయి చిందరవందర అవుతుంది. సైట్ మొత్తాన్ని ఒకేసారి దింపే ప్రోగ్రాములు హెచ్‌టీటీరాక్ గానీ, డబ్ల్యూగెట్ గానీ వాడండి. డబ్ల్యూగెట్‌లో మిర్రర్, పేజ్ రిక్విజిట్స్ ఆప్షన్లు పెట్టి, పేజీకీ పేజీకీ మధ్య ఒక సెకను ఆగమనండి. కన్వర్ట్ లింక్స్ ఆప్షన్ లింకులను మీ కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చేస్తుంది. చూసుకోవడానికి బాగుంటుంది గానీ, అదే అడ్రస్‌లో మళ్లీ పెట్టాలంటే మార్చని కాపీ కూడా ఒకటి ఉండాలి. ఇలా తెచ్చుకున్నదాంట్లో రెండు వెలితులు తప్పవు. ఏ పేజీ నుంచీ లింకు లేని పేజీలు రావు. సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ కోడ్ రాదు, అది నడిచాక పుట్టిన హెచ్‌టీఎంఎల్ మాత్రమే వస్తుంది. కాబట్టి ఫారాలు, సెర్చ్ పెట్టె బొమ్మల్లా మిగులుతాయి.

సైటే పోయి ఉంటే

గూగుల్ క్యాష్‌లో (గూగుల్ దాచుకున్న పేజీ కాపీల్లో) చూడమని పాత సలహాలు చెబుతాయి. ఆ లింకులను గూగుల్ 2024లో తీసేసింది. ఇక మిగిలిన పెద్ద దిక్కు ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్. అందులో 1996 నుంచి దాచిన పేజీలున్నాయి. మీ అడ్రస్ ఇచ్చి క్యాలెండర్‌లో తేదీ ఎంచుకోండి. తెరిచిన పేజీ అడ్రస్‌లో 14 అంకెల వరుస కనిపిస్తుంది: సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను. ఆ అంకెలకు ఆనించి ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో ఐ, డి, వెంటనే అండర్‌స్కోర్ టైపు చేసి ఎంటర్ కొట్టండి. పైనున్న ఆర్కైవ్ పట్టీ మాయమై, లింకుల్లో వాళ్లు చేర్చిన ముక్క లేకుండా పేజీ మూలరూపంలో వస్తుంది. సేవ్ చేయాల్సింది దాన్నే. ఇది చేయకపోతే తర్వాత ప్రతి లింకులోంచీ ఆర్కైవ్ అడ్రస్‌ను ఏరిపారేయాలి. పేజీ దొరికి ఫొటో దొరకకపోతే ఫొటో అడ్రస్‌నే విడిగా వెతకండి, వేరే తేదీలో దాచి ఉండొచ్చు.

తెలుగు అక్షరాలు చెదిరితే

తెలుగు ఉండాల్సినచోట నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు, ఆ తర్వాత ఇంకేదో వరసగా కనిపిస్తే కంగారు పడకండి. యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. వాటిని పాత పాశ్చాత్య ఎన్‌కోడింగ్‌గా చదివితే ఒక్కోటి మూడు పిచ్చిగుర్తులవుతుంది. ఫైల్ బాగానే ఉంది, చదివే తీరే తప్పు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఎన్‌కోడింగ్ మెనూ తెరిచి ఉత్త యూటీఎఫ్-8 ఎంచుకోండి. అదే మెనూలో కన్వర్ట్ అని మొదలయ్యేవి వేరు. పిచ్చిగుర్తులు కనిపిస్తుండగా కన్వర్ట్ కొట్టి సేవ్ చేస్తే ఆ పిచ్చిగుర్తులే శాశ్వతమవుతాయి.

ఫైల్ సరిగ్గా ఉండి సైట్‌లో మాత్రమే చెదిరితే, ఏ ఎన్‌కోడింగో చెప్పే మెటా చార్‌సెట్ ట్యాగ్ ఉందో లేదో చూడండి. అది పేజీలో మొదటి 1024 బైట్లలోపే ఉండాలి. సర్వర్ పేజీకి ముందు పంపే హెడర్‌లో వేరే చార్‌సెట్ చెబుతుంటే ఈ ట్యాగ్ ఉన్నా లాభం లేదు, హెడర్ మాటే నెగ్గుతుంది. యూనికోడ్ రాకముందు చేసిన పేజీల కథ వేరే. అక్కడ ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలే, తెలుగు రూపం ఫాంట్‌ది. సోర్సులో ఫాంట్ ట్యాగ్ పక్కన ఫేస్ దగ్గరున్న పేరు చూసుకుని, ఆ ఫాంట్‌కు సరిపోయే కన్వర్టర్‌తోనే మార్చాలి.

దిద్దడం, ఎక్కించడం

దింపుకున్న ఫోల్డర్‌ను కాపీ చేసి, కాపీలోనే పనిచేయండి. వర్డ్‌లో మాత్రం తెరవకండి, అది నిలువు కొటేషన్లను వంకరవి చేసి కోడ్ చెడగొడుతుంది. వీఎస్ కోడ్ ఎడిటర్ చాలు. సేవ్ చేసేది బామ్ (ఫైల్ మొదట్లో చేరే కనిపించని గుర్తు) లేని యూటీఎఫ్-8గా ఉండాలి. పీహెచ్‌పీ ఫైల్ మొదట్లో బామ్ చేరితే హెడర్లు ముందే వెళ్లిపోయాయన్న ఎర్రర్ వస్తుంది. ఫ్రంట్‌పేజ్ అనే పాత ప్రోగ్రామ్‌లో చేసిన సైట్ అయితే సోర్సులో వెబ్‌బాట్ అనే కామెంట్లు కనిపిస్తాయి. 2003 వెర్షనే ఆ ప్రోగ్రామ్‌కు ఆఖరిది. దాని విజిట్ కౌంటర్లు, ఫారాలు ఇప్పటి సర్వర్లలో నడవవు, మొహమాటం లేకుండా తీసేయొచ్చు.

ఫైల్‌ను డబుల్ క్లిక్ చేసి చూస్తే స్లాష్‌తో మొదలయ్యే లింకులు డిస్క్ మొదటికి పోతాయి. పైథాన్‌లో ఉండే హెచ్‌టీటీపీ సర్వర్‌ను ఆ ఫోల్డర్‌లో నడిపి, లోకల్‌హోస్ట్ 8000 పోర్టులో చూడండి. అన్నీ కనిపించాయని మురిసిపోవద్దు. విండోస్‌కు పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టదు, లైనక్స్ సర్వర్‌కు పడుతుంది. ఇంట్లో కనిపించిన ఫొటో సైట్‌లో కనిపించకపోతే ముందు అనుమానించాల్సింది ఎక్స్‌టెన్షన్‌లోని పెద్దక్షరాలనే.

ఎక్కించేటప్పుడు ఫొటోలు, సీఎస్ఎస్ (పేజీ రూపురేఖల ఫైళ్లు) ముందు, ఇండెక్స్ చివర. ఫైళ్లకు పర్మిషన్ (ఎవరు చదవొచ్చో, మార్చొచ్చో చెప్పే అంకె) 644, ఫోల్డర్లకు 755. మార్పు కనబడకపోతే మళ్లీ ఎక్కించే ముందు కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కి చూడండి, చూపిస్తున్నది బ్రౌజర్ దాచుకున్న పాత పేజీ కావచ్చు. పేజీ పేరు మారిస్తే హెచ్‌టీ యాక్సెస్‌లో 301 (శాశ్వత) రీడైరెక్ట్ రాయండి. ఆ లైన్‌లో చిన్న తప్పు దొర్లినా సైట్ మొత్తం 500 ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు ఆ ఫైల్ పేరు మార్చేయండి, సైట్ వెంటనే తేరుకుంటుంది. తప్పేదో తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు.