కూలేలా ఉన్న మున్సిపల్ భవనం పైకప్పుకు అత్యవసర మరమ్మతు మంజూరు చేయించడం ఎలా

పురపాలక సంఘానికి చెందిన బడి, ఆరోగ్య కేంద్రం, గ్రంథాలయం లేదా మార్కెట్ భవనం పైకప్పు పాడైందని కబురు వచ్చిన రోజున అధికారులను రెండు భయాలు పట్టుకుంటాయి. కప్పు కూలి ఎవరి ప్రాణమైనా పోతుందేమోనన్నది మొదటిది, మంజూరు లేకుండా ఖర్చుపెడితే రేపు ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందేమోనన్నది రెండోది. రెండో భయం మొదటిదాన్ని మించిన చోట ఫైలు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి వెళుతూనే ఉంటుంది, పిల్లలు అదే గదిలో కూర్చుని పాఠాలు వింటూనే ఉంటారు. 2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో ప్రభుత్వ పాఠశాల కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగంలో ఎన్నో ఏళ్లు పనిచేసిన నాకు ఆ వార్త చదివినప్పుడు నేను చూసిన తరగతి గదులన్నీ ఒక్కసారిగా కళ్లముందు కదిలాయి. చట్టం మన చేతులు కట్టేయలేదని, కాగితం సరిగా రాసుకుంటే ఆ రోజే పని మొదలుపెట్టవచ్చని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదటి రెండు గంటలు

ఫిర్యాదు అందగానే చేయవలసిన పని అంచనా తయారుచేయడం కాదు, గది ఖాళీ చేయించడం. గది తాళం వేసి, తాళంచెవి ప్రధానోపాధ్యాయుల దగ్గర కాకుండా మున్సిపల్ కార్యాలయంలో ఉంచాలి. బడిలో గదులు చాలనప్పుడు "ఈ ఒక్క పీరియడే కదా" అని తాళం తీయడం నేను కళ్లారా చూశాను. దాని కిందనున్న గదిని, పక్క వరండాను కూడా మూసేయాలి, ఎందుకంటే పై స్లాబు విరిగిపడితే ఆ బరువు కింది స్లాబు మీదే పడుతుంది.

ఆ తర్వాత ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) స్వయంగా వెళ్లి చూడాలి. చిన్న సుత్తితో స్లాబు అడుగున తట్టుకుంటూ వెళితే గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లోపల పొర విడిపోయినచోట డొల్ల శబ్దం వస్తుంది. ఆ డొల్ల భాగం చుట్టూ సుద్దముక్కతో గీత గీసి ఫొటో తీయాలి. తట్టేటప్పుడు తలకు హెల్మెట్ పెట్టుకుని, గట్టిగా ఉన్న భాగం కింద నిలబడి చేయి చాపి తట్టాలి. స్లాబులోని ఇనుప ఊచల వెంబడి ఎర్రటి చారలు కనిపిస్తే లోపల తుప్పు పట్టిందని అర్థం. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, అసలు ఇనుము కంటే రెండు మూడు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే అడుగున ఉన్న కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది.

అడుగుభాగం చూశాక మేడ మీదికి వెళ్లడం మరవకూడదు, కానీ నలుగురూ కలిసి ఎక్కకూడదు. ఒక మున్సిపల్ ఉన్నత పాఠశాల మీద నాకు కనిపించిన దృశ్యం ఇప్పటికీ గుర్తుంది. తూము నోటికి అడ్డంగా రావి ఆకులు, ఒక టెన్నిస్ బంతి, మధ్యాహ్న భోజనం పళ్లెం ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. పిట్టగోడ మూలలో మోకాలెత్తు రావి మొక్క మొలిచింది, మేడంతా జానెడు నీళ్లు నిలిచాయి. నీటి బరువు చాలామంది ఊహించరు. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న గది మీద 10 సెంటీమీటర్ల నీరు నిలిస్తే దాని బరువు దాదాపు 3.7 టన్నులు. మనుషులు నడవని కప్పులకు భారతీయ ప్రమాణాలు లెక్కలోకి తీసుకునే అదనపు భారం చదరపు మీటరుకు సుమారు 75 కిలోలు కాగా, 10 సెంటీమీటర్ల నీరు 100 కిలోలు వేస్తుంది. కాబట్టి ఆ తూము శుభ్రం చేయడమే మొట్టమొదటి మరమ్మతు, దానికి ఎవరి మంజూరూ అక్కరలేదు.

ఆపద్ధర్మం వేరు, మరమ్మతు వేరు

అత్యవసర అధికారం కింద చేయగలిగింది ప్రాణాపాయం తప్పించే పని మాత్రమే. స్లాబుకు ఆపులు (కింది నుంచి ఆనించే బాదులు, జాకీలు) పెట్టడం, వేలాడుతున్న పెచ్చులు రాల్చడం, నీరు దిగకుండా టార్పాలిన్ కప్పడం, ఎగిరిపోయిన రేకులు బిగించడం, కరెంటు తీగలు తప్పించడం ఈ కోవలోకి వస్తాయి. మొత్తం కప్పుకు కొత్త వాటర్‌ప్రూఫింగ్, రంగులు, ఫ్లోరింగ్, ప్రహరీ ఈ కోవలోకి రావు. అత్యవసరం పేరుతో వీటిని కూడా కలిపేసిన ఫైళ్లే ఆడిట్ అభ్యంతరాలకు గురై, నిజంగా అవసరమైన పని చేసిన ఇంజనీరును కూడా ఇబ్బందిలో పడేశాయి. అందుకే మొదటిరోజే రెండు అంచనాలు వేరువేరుగా తయారుచేయాలి. ఒకటి ఆపద్ధర్మపు పనికి, రెండోది శాశ్వత మరమ్మతుకు. రెండోది మామూలు పద్ధతిలో టెండరు ద్వారా వెళ్లాలి. టెండరు పరిమితి తప్పించుకోవడానికి ఒకే పనిని ముక్కలు చేయడం వేరు, స్వభావాన్ని బట్టి రెండు పనులుగా విడదీయడం వేరు. ఈ తేడా ఏమిటో మంజూరు కోసం ఫైల్లో రాసే నోట్‌లో ఒక్క వాక్యంలోనైనా రాసి ఉంచాలి.

ఆపులు పెట్టడంలో జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. సరుగుడు బాదులు గానీ ఇనుప జాకీలు గానీ మొదటి అంతస్తు గచ్చు మీద నిలబెట్టి ఊరుకుంటారు. పై స్లాబు బరువు ఆ బాదుల గుండా కింది స్లాబు మీదికి దిగుతుంది కనుక, సరిగ్గా వాటి కిందే నేల అంతస్తులో కూడా బాదులు పెట్టి బరువును నేలదాకా దించాలి. బాదుల పైనా కిందా మందపాటి చెక్కపలకలు వేయాలి. స్లాబును పైకి ఎత్తేలా కాకుండా ఆనించి ఉంచేలా మాత్రమే బిగించాలి. టార్పాలిన్ ఎగిరిపోకుండా దాని మీద ఇసుక మూటలు, ఇటుకలు పెట్టకూడదు. తాళ్లతో కిందికి లాగి కట్టాలి.

ఎవరు ఆదేశించాలి

భవనం ఎవరిదన్నది మొదట తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మున్సిపల్ పాఠశాలల పర్యవేక్షణను పాఠశాల విద్యాశాఖకు అప్పగించినా, ఆస్తి మాత్రం పురపాలక సంస్థలదే. బడి విద్యాశాఖ చూస్తోంది కదా అని మున్సిపాలిటీ, భవనం మున్సిపాలిటీది కదా అని విద్యాశాఖ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటూ కూర్చుంటే వర్షాకాలం గడిచిపోతుంది. యాజమాన్యం మున్సిపాలిటీదైతే ఆదేశం మున్సిపాలిటీయే ఇవ్వాలి, మిగతా శాఖకు ప్రతి పంపితే చాలు.

సాధారణంగా పనికి మూడు మెట్లుంటాయి. ఖర్చుకు పరిపాలనా మంజూరు, అంచనాకు సాంకేతిక మంజూరు, ఆపై టెండరు. అత్యవసరంలో ఈ వరుస తలకిందులవుతుంది, మెట్లు మాత్రం మాయం కావు. ఆంధ్రప్రదేశ్‌లోని కార్పొరేషన్లకు, గ్రేటర్ హైదరాబాద్‌కు వర్తించే 1955 నాటి చట్టం, అంటే మొదట హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంగా వచ్చినది, ప్రజల భద్రత కోసం గానీ కార్పొరేషన్ ఆస్తి రక్షణ కోసం గానీ తక్షణం చేయవలసిన పనిని ఇతరుల ముందస్తు ఆమోదం లేకుండానే చేపట్టే అధికారాన్ని కమిషనర్‌కు ఇచ్చింది. అయితే చేసిన పని, చేయడానికి కారణం, అయిన ఖర్చు వెంటనే స్టాండింగ్ కమిటీకి, కార్పొరేషన్‌కు నివేదించాలన్న షరతు అందులోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని మున్సిపాలిటీలకు వర్తించే 1965 చట్టంలో ఇటువంటి అధికారం ఛైర్‌పర్సన్‌కు ఉంది. కౌన్సిల్ అంతకుముందే చేసిన ఆదేశానికి విరుద్ధంగా దాన్ని వాడకూడదు, తర్వాతి సమావేశంలో కారణాలతో సహా తెలియజేయాలి. తెలంగాణలో గ్రేటర్ హైదరాబాద్ తప్ప మిగతా పట్టణాలకు 2019 మున్సిపాలిటీల చట్టం వర్తిస్తుంది కనుక అక్కడ నోట్‌లో ఆ చట్టాన్నే పేర్కొనాలి. పాత ఫైలు నుంచి నకలు దించి రద్దయిన చట్టం పేరు రాసిన నోట్లు నేను చూశాను.

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు 2017లోని 136వ నిబంధన కూడా ఇదే దారి చూపిస్తుంది. అత్యవసరంలో మామూలు షరతులు పాటించడం కుదరకపోతే బాధ్యుడైన అధికారి తన విచక్షణ మీద, తన బాధ్యత మీద పని చేయించవచ్చు, కానీ అదే సమయంలో తగిన అధికారి ఆమోదం కోసం చర్య మొదలుపెట్టి అకౌంట్స్ అధికారికి తెలియజేయాలి. అది కేంద్ర శాఖలకు సంబంధించినదే అయినా, "అదే సమయంలో" అన్న మాట మనమూ గట్టిగా పట్టుకోవలసినది. పని ముగిసిన ఆరు నెలలకు ఆమోదం కోరితే అత్యవసరం అన్న మాటను ఎవరూ నమ్మరు.

నోట్ ఎలా రాయాలి

"భవనం శిథిలావస్థలో ఉన్నది, వెంటనే మరమ్మతు అవసరం" అన్న రెండు ముక్కల నోట్‌తో ఏమీ తేలదు. శిథిలావస్థ ఏళ్ల తరబడి ఉండేది, అత్యవసరం ఈ రోజు పుట్టేది. నిన్నటిదాకా లేని ప్రమాదం ఈ రోజు ఎలా వచ్చిందో నోట్ చెప్పాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు.

"ప్రధానోపాధ్యాయుల లిఖిత ఫిర్యాదుపై ఈ రోజు ఉదయం 10.30 గంటలకు ఏఈతో కలిసి పాఠశాలను పరిశీలించాను. మొదటి అంతస్తు 3వ గది స్లాబు అడుగున సుమారు 4 చదరపు మీటర్ల మేర పెచ్చు రాత్రి కురిసిన వర్షానికి ఊడి బెంచీల మీద పడింది. ఆరు ఊచలు బయటపడి తుప్పు పట్టి ఉన్నాయి. పక్కనే మరో 6 చదరపు మీటర్ల మేర డొల్ల శబ్దం వస్తున్నది. ఈ గదిని, దీని కింది గదిని ఖాళీ చేయించి తాళం వేయించాను. మళ్లీ వర్షం కురిస్తే స్లాబు కూలే ప్రమాదం ఉన్నందున, టెండరు గడువు పూర్తయ్యేవరకు ఆగడం క్షేమం కాదు. ఆపులు పెట్టడం, పెచ్చులు రాల్చడం, టార్పాలిన్ కప్పడం వరకే పరిమితమైన పనికి అంచనా జతచేశాను. శాశ్వత మరమ్మతుకు అంచనా వేరుగా సమర్పిస్తాను."

ఆ నోట్ కింద తేదీతో పాటు సమయం కూడా వేయాలి. తేదీ కనిపించే ఫొటోలు, ఫిర్యాదు నకలు, ఏఈ కొలతలు జతచేయాలి. ధరలు అమల్లో ఉన్న ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) ప్రకారం ఉండాలి. నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా నేరుగా, పని ఇచ్చేటప్పుడు ఏ జీవో ప్రకారం, ఎంత పరిమితి వరకు ఇస్తున్నారో సంఖ్యతో సహా రాయాలి. కుదిరితే ఆ పూటే ఇద్దరు ముగ్గురు రిజిస్టర్డ్ కాంట్రాక్టర్లకు ఫోన్ చేసి ధర అడిగి, ఎవరు ఎంత చెప్పారో అదే కాగితం మీద రాసుకోవాలి. దీనికి అరగంట పడుతుంది, కానీ ఆడిటరు మొదట అడిగే ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది. డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో అకౌంట్స్ విభాగంతో రాయించుకోవాలి. తుపాను వంటి విపత్తు వల్ల జరిగిన నష్టమైతే విపత్తు సహాయ నిధి కోసం కలెక్టరుకు అదే రోజు నివేదిక పంపాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పటి లాంటి పరిస్థితిలో ఒక్కో భవనానికి ఒక్కో ఫైలు నడపడం సాధ్యం కాదు, వార్డు వారీగా నష్టాల జాబితా వేసి పంపడమే దారి. ఎన్నికల నియమావళి అమల్లో ఉంటే ఎన్నికల అధికారికి కూడా లిఖితపూర్వకంగా తెలియజేసి అనుమతి తీసుకోవాలి.

కౌన్సిల్ ముందుకు

తర్వాతి సమావేశం ఎజెండాలో ఈ అంశాన్ని "ఇతర విషయాలు" కింద దాచకుండా విడిగా పెట్టాలి. తీర్మానంలో "ఫలానా తేదీన ఛైర్‌పర్సన్ అత్యవసర అధికారం కింద ఆదేశించిన పనిని, అయిన ఖర్చు రూ. ఇంత అని, కారణాలు పరిశీలించి కౌన్సిల్ ధ్రువీకరించడమైనది" అని స్పష్టంగా ఉండాలి. శాశ్వత మరమ్మతుకు పరిపాలనా మంజూరు కోరే అంశాన్ని అదే సమావేశంలో రెండో తీర్మానంగా పెట్టడం మేలు. కౌన్సిలర్లు అడిగే ప్రశ్నలను అడ్డంకులుగా చూడకూడదు. తన వార్డులో అలాంటి భవనం ఇంకోటి ఉందని ఒక సభ్యురాలు సమావేశంలో చెప్పడం వల్లే ఒక అంగన్‌వాడీ కప్పు సంగతి మాకు సమయానికి తెలిసింది.

బిల్లు చెల్లించాలంటే ఎమ్‌బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, కొలతలు ఎక్కాలి. ఆపులు, టార్పాలిన్లు తీసేశాక కొలవడానికి ఏమీ మిగలదు కనుక, అవి ఉన్నప్పుడే కొలిచి డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) చేత చెక్ మెజర్‌మెంట్, అంటే కొలతల సరిచూపు, చేయించాలి.

శాశ్వత మరమ్మతుకు ముందు

స్లాబును బాగుచేయాలా, పడగొట్టాలా అన్నది కంటిచూపుతో తేల్చకూడదు. కాంక్రీటును పగలగొట్టకుండా దాని గట్టిదనం చూసే రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయించి, అవసరమైతే కోర్ (స్లాబు నుంచి తొలిచిన కాంక్రీటు నమూనా) తీయించి స్ట్రక్చరల్ ఇంజనీరు నివేదిక తీసుకోవాలి. దగ్గరలోని ఇంజనీరింగ్ కళాశాల సివిల్ విభాగం ద్వారా ఈ పరీక్షలు చేయించుకోవచ్చు. పాత స్లాబు మీద ఇప్పటికే రెండు మూడు పొరల వాటర్‌ప్రూఫింగ్ ఉంటే, వాటి మీద ఇంకో పొర వేయడం బరువు పెంచడమే అవుతుంది. పాత పొరలు తీసి, వాలు సరిచేసి, అప్పుడు కొత్తది వేయాలి. నీరు కారుతుందేమో చూడటానికి నీళ్లు నిలబెట్టి చేసే పరీక్ష స్లాబు బలపరిచిన తర్వాతే చేయాలి.

దూలాలు, ఇటుకలు, సున్నంతో కట్టిన మద్రాస్ టెర్రస్ కప్పయితే సిమెంటు జోలికి పోకూడదు. సున్నపు కట్టడం తేమను బయటికి వదులుతుంది, సిమెంటు పూత దాన్ని లోపలే బంధించి దూలాలను కుళ్లబెడుతుంది. వారసత్వ జాబితాలో ఉన్న భవనమైతే ఆపులు పెట్టడానికి ఆగనక్కరలేదు గానీ, శాశ్వత పనికి సంబంధిత అనుమతి తప్పనిసరి. హైదరాబాద్‌లోని ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జులైలో వాన నీరు చేరడంతో రోగులను తరలించి భవనాన్ని మూసేయవలసి వచ్చింది. అంత పెద్ద కట్టడం ఆ స్థితికి చేరడానికి ముందు ఎన్ని వర్షాకాలాలు గడిచాయో తలచుకుంటే మనసు బరువెక్కుతుంది.

పని ముగిశాక గది తెరవడానికి ఏఈ నోటిమాట చాలదు. ఏ భాగం ఎలా బాగుచేశారో, ఏ తేదీ నుంచి వాడుకోవచ్చో రాసి డీఈ సంతకం చేసిన కాగితం ప్రధానోపాధ్యాయులకు ఇచ్చి, దాని నకలు ఆ గది తలుపుకు అంటించి, మున్సిపల్ కార్యాలయంలో ఉంచిన తాళంచెవిని అప్పుడే వారి చేతికి ఇవ్వాలి.