చిన్న ప్రెస్బిటేరియన్ సంఘంలో చలికాలం పనులు: మంచు పడకముందే మొదలుపెట్టండి

బైబిల్లో పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక చివర్లో, త్రోయలో కర్పు దగ్గర వదిలేసి వచ్చిన అంగీ తెమ్మంటాడు, కాస్త కిందికి వెళ్తే చలికాలం రాకముందే వచ్చెయ్యమంటాడు. మనం గబగబా దాటేసే వచనాలు ఇవి. ఆ రెండో మాట మీద క్లారెన్స్ మెకార్ట్నీ అనే ప్రెస్బిటేరియన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) పాస్టర్ 1915లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ప్రసంగం చేశాడు, ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు శరత్కాలం వచ్చినప్పుడల్లా మళ్లీ అదే ప్రసంగం చేస్తూ వచ్చాడు. ఆయన చెప్పింది ఆత్మ సంగతి. నేను చెప్పేది పారలు, ఉప్పు సంచులు, ఫోన్ నంబర్ల సంగతి, కానీ రూలు మాత్రం అదే. మంచు పడ్డాక ఆలోచించడానికి టైం ఉండదు, ముందు అనుకున్నది చెయ్యడానికే ఉంటుంది.

మాది నలభై మంది సంఘం, అందులో పార పట్టగలిగేవాళ్లు పన్నెండు మంది ఉంటే గొప్ప. డీకన్‌గా, అంటే అవసరంలో ఉన్నవాళ్లని చూసుకునే బాధ్యతలో, కొన్ని చలికాలాలు చూశాక తెలిసినవి రాస్తున్నా.

మొదట సెషన్‌తో తేల్చుకోండి. చాలా ప్రెస్బిటేరియన్ సంఘాల్లో ఆరాధన వేళలు, బిల్డింగ్ వాడకం, కానుకల ఖర్చు ఎల్డర్లు (సంఘం ఎన్నుకున్న పెద్దలు), పాస్టర్ కలిసి కూర్చునే సెషన్ చేతిలోనే ఉంటాయి. పాస్టర్ ఒక్కరే "సరే కానివ్వండి" అంటే సరిపోదు, సెషన్‌ని పక్కనపెట్టి డీకన్లు ఉత్సాహపడినా తర్వాత గొడవే. చలి మొదలవకముందు జరిగే ఒక మీటింగ్‌లో, తుఫాను రోజు ఆరాధన ఆపే నిర్ణయం ఎవరిది, బిల్డింగ్ ఏ రోజు ఎవరికి తెరుస్తాం, డీకన్లు మళ్లీ అడగకుండా ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు అన్నవి మినిట్స్‌లో రాయించండి.

ఆరాధన ఆపే నిర్ణయం ఇద్దరి చేతిలోనే పెట్టండి, పాస్టర్, సెషన్ క్లర్క్ (మినిట్స్ రాసే ఎల్డర్) అయితే మంచిది. శనివారం రాత్రికే చెప్పెయ్యాలి, "పొద్దున లేచాక చూద్దాం" అనకూడదు. ఒక ఏడు మేం అలాగే అనుకున్నాం, ఆదివారం పొద్దున మెసేజ్ పెట్టేసరికి ఎనభై దాటిన ఒక పెద్దావిడ మంచులో నడుచుకుంటూ వచ్చి తాళం వేసిన తలుపు ముందు నిలబడి ఉన్నారు. ఆవిడ దగ్గర వాట్సాప్ లేదు. పల్లెత్తు మాట అనలేదు, అది ఇంకా బాధపెట్టింది. అందుకే మెసేజ్ చూడనివాళ్ల లిస్టు వేరే రాసుకుని, వాళ్లకి మాత్రం గొంతుతోనే కబురు చేరేలా చూస్తాం.

ఈ ఫోన్ లిస్టే అసలు సేవ అని నా అభిప్రాయం, మిగతావన్నీ దీని తర్వాతే. అపొస్తలుల కార్యములు 6లో రోజువారీ పంపకంలో కొందరు విధవరాండ్రను చిన్నచూపు చూశారన్న ఫిర్యాదు వస్తే ఏడుగురిని ఎంచుకున్నారు కదా, డీకన్ల పని మూలం అక్కడే ఉందంటారు. అంటే ఎవరు తప్పిపోయారో చూసుకోవడమే మొదటి పని. ఒక్కో డీకన్‌కి ఐదారు ఇళ్లు ఇవ్వండి, సంఘానికి రాని ఇరుగుపొరుగు ముసలివాళ్లని కూడా కలపండి. చలి బాగా ఉన్న రోజుల్లో రోజూ, మామూలప్పుడు వారానికోసారి ఫోన్.

ఫోన్‌లో "బాగున్నారా" అని అడిగి పెట్టేయకండి, ఎవరైనా బాగున్నామనే అంటారు. ఇంట్లో ఇప్పుడు ఎన్ని డిగ్రీలు చూపిస్తోంది, మాత్రలు ఎన్ని రోజులకి ఉన్నాయి, పొద్దున ఏం తిన్నారు అని అడగండి. మాట ముద్దముద్దగా వస్తున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా టెన్షన్ పడాల్సిందే, ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కంటే పడిపోతే మనిషి అలాగే అవుతాడు. వణుకు ఆగిపోతే తగ్గిందనుకోకండి, అది ఇంకా ప్రమాదం. వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి, అది వచ్చేలోగా దగ్గరున్నవాళ్లు తడి బట్టలు తీసేసి, ముందు ఛాతీ, మెడ, పొట్ట వెచ్చబడేలా దుప్పట్లు చుట్టాలి. కాళ్లూ చేతులూ గట్టిగా రుద్దకూడదు, "కాస్త వెచ్చగా ఉంటుంది" అని మద్యం అసలే పొయ్యకూడదు.

ఇక పార పని. మంచు ఎత్తడం గుండెకి పెద్ద శ్రమ, చల్లగాలిలో రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి మరీను. ఇద్దరిద్దరిగా పంపండి, గుండె జబ్బున్నవాళ్లు ఎంత పట్టుబట్టినా పార ఇవ్వకండి (ఎల్డర్లే ముందు పార అడుగుతారు, అనుభవం). ఎత్తి విసరడం కంటే నెట్టడం నయం, ఎత్తక తప్పకపోతే సగం పారే ఎత్తండి. చర్చి దగ్గర మెట్ల కంటే ముందు ర్యాంప్ శుభ్రం చెయ్యండి, మెట్లెక్కగలిగేవాళ్లు ర్యాంప్ మీదా రాగలరు, వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లకి వేరే దారి లేదు. మంచు కరగడానికి చల్లే మామూలు రాతి ఉప్పు మైనస్ 9 డిగ్రీల దాకా పనిచేస్తుంది, అంతకంటే చల్లబడితే కాల్షియం క్లోరైడ్ కావాలి, లేదా కాళ్లు జారకుండా ఇసుక చల్లండి.

బిల్డింగ్ విషయంలో పొదుపు పేరుతో వారమంతా హీటింగ్ కట్టేసే సంఘాలు చాలా ఉన్నాయి. నీళ్లు గడ్డకట్టి పైపు పగిలితే ఆ మిగిలిన డబ్బుకి ఎన్నో రెట్లు పోతుంది. థర్మోస్టాట్ 13 డిగ్రీల కంటే కిందికి దించకండి, గడ్డకట్టే రాత్రుల్లో బయటి గోడ పక్కనున్న కుళాయిల్ని సన్నగా కారనివ్వండి, మెయిన్ వాల్వ్ ఎక్కడుందో కనీసం ముగ్గురికి చూపించండి. రూమ్ హీటర్ పెడితే కర్టెన్లకి, బల్లలకి ఒక మీటరు దూరంలో, నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డులో వద్దు. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ చూసుకోండి, ఆ గ్యాస్‌కి రంగూ వాసనా ఉండవు.

బయటివాళ్ల కోసం ఏం చెయ్యాలి అంటే, ఒక్కటి చెయ్యండి. డిసెంబర్‌లో కోట్లు, సూప్, రాత్రి బస అన్నీ ఒకేసారి ప్రకటిస్తే జనవరికి ముగ్గురు మిగులుతారు, వాళ్లు కూడా అలిగి ఉంటారు. వారానికి ఒక రోజు, అదే వేళకి, హాలు తెరిచి వేడి సూప్ పెట్టండి, ఇద్దరే వచ్చినా మానకండి, ఎందుకంటే తెరిచి ఉంటుందన్న నమ్మకం కుదరడానికే ఒక చలికాలం పడుతుంది. సూప్ 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, బయట రెండు గంటలు దాటి ఉన్నది పారబొయ్యండి. పేరు, మతం అడగొద్దు. ప్రార్థనని సూప్‌కి టికెట్ చెయ్యొద్దు. యాకోబు పత్రికలో బట్టల్లేక, తిండి లేక ఉన్నవాడితో "చలి కాచుకో, తృప్తిగా ఉండు" అని ఉట్టి మాటలు చెప్పి పంపేవాళ్లని తిట్టింది మనలాంటివాళ్లనే. రాత్రి బస మాత్రం అగ్నిమాపక నిబంధనలు, ఇన్సూరెన్స్, ట్రైనింగ్ ఉన్న మనుషులు లేకుండా మొదలుపెట్టకండి, ఇప్పటికే నడిపేవాళ్ల దగ్గరికి మీ మనుషుల్ని పంపండి. కోట్లు సేకరిస్తే జిప్పు పనిచేసేవే, ఉతికినవే తీసుకోండి, కొత్త సాక్సులు మాత్రం డబ్బు పెట్టి కొనండి, వాడిన సాక్సులు ఎవరికిస్తాం చెప్పండి.

యూత్‌ని తక్కువ అంచనా వెయ్యకండి. 1990లో అమెరికాలో, సౌత్ కరోలినాలోని కొలంబియాలో స్ప్రింగ్ వ్యాలీ ప్రెస్బిటేరియన్ చర్చి పిల్లలు సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) ఆదివారం సూప్ గిన్నెలు పట్టుకుని చందా అడగాలనుకున్నారు, ఊళ్లో వేరే చర్చిల్నీ కలుపుకున్నారు, అది తర్వాత దేశమంతా పాకింది. కావలసింది గిన్నె, ఇంకో చర్చికి ఫోన్ చేసే ధైర్యం.

ఇంకొకటి, డిసెంబర్ 21 దగ్గర్లో, రాత్రి ఎక్కువగా ఉండే రోజుల్లో, ఆ ఏడు ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ల కోసం అరగంట చిన్న ఆరాధన పెట్టండి. హడావుడి పాటలు వద్దు, ఏడిస్తే ఏడవనివ్వండి, మధ్యలో లేచి వెళ్లిపోవాలనిపిస్తే ఇబ్బంది లేకుండా తలుపు దగ్గర కుర్చీలు వెయ్యండి. బయటికి రాలేనివాళ్ల ఇళ్లకి పాస్టర్‌తో పాటు ఒక ఎల్డర్ వెళ్లి ప్రభు బల్ల ఇచ్చే తేదీలు కూడా ఇప్పుడే రాసుకోండి, ఆ రోజు మంచు పడితే ఏ రోజుకి మార్చాలో పక్కనే రాసుకోండి.

చలి తగ్గాక పారలు తుడిచి నూనె రాసి లోపల పెట్టండి. ఎన్ని ఉప్పు సంచులు మిగిలాయో, లిస్టులో ఎవరి నంబర్ మారిందో సెషన్ క్లర్క్‌కి రాసి ఇవ్వండి, వచ్చే శరత్కాలం మీటింగ్‌లో మొదట తియ్యాల్సిన కాగితం అదే.